మన ఎండలో ఫిల్మ్ రీలు: సొంత షూట్‌కు బయలుదేరేవారికి

నలుపు-తెలుపు రీలు కొన్న ప్రతివారికీ దాని పెట్టె మీదో, తయారీదారు విడుదల చేసిన పట్టికలోనో మొదట కనిపించే అంకె 20 డిగ్రీల సెల్సియస్. రీలు మీది బొమ్మను బయటికి తెచ్చే మందైన డెవలపర్‌ను ఆ వేడిమి దగ్గర ఉంచి, ఇన్ని నిమిషాలు కడగాలని ఆ పట్టిక చెబుతుంది. విశాఖపట్నంలో మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళలో చెయ్యి పెట్టినవారికి ఆ అంకె వేరే లోకానికి చెందినదని వెంటనే అర్థమవుతుంది. నాకు మాత్రం వెంటనే అర్థం కాలేదు. మొట్టమొదట ఇంట్లో కడిగిన రీలుకు కుళాయి నీళ్ళతోనే డెవలపర్ కలిపి, పట్టికలో ఉన్న ఏడున్నర నిమిషాలూ గడియారం చూసుకుంటూ పూర్తి చేశాను. నెగటివ్ బయటికి తీస్తే ఆకాశం ఉన్న చోటల్లా బొగ్గులా నల్లబడి ఉంది. తప్పు రీలుదీ కాదు, కెమెరాదీ కాదు. చల్లటి దేశాల వారు తమ గదుల వేడిమిని, తమ కుళాయి నీళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసుకున్న పద్ధతిని నేను మార్చకుండా వాడుకోవడమే తప్పు.

ఆ తరువాత కొన్నేళ్ళుగా చేస్తున్న సొంత షూట్లలో, ప్రయాణాల్లో నేను నేర్చుకున్నదంతా ఆ అంకెలను మన ఎండకు, మన నీళ్ళకు, మన తేమకు తగినట్టు సవరించుకోవడమే. ఎవరి కోసమూ కాకుండా తన కోసం తీసుకునే ఫోటోలకు ఫిల్మ్ వాడదలచినవారికి ఆ సవరణలు ఉపయోగపడతాయని ఇక్కడ రాస్తున్నాను.

కెమెరా, రీలు

కెమెరా విషయంలో ఎక్కువ ఆలోచించనవసరం లేదు. నికాన్ ఎఫ్ఎమ్2, పెంటాక్స్ కె1000, యాషికా వారి పాత మోడళ్ళు ఇప్పటికీ చేతులు మారుతూ దొరుకుతున్నాయి. ఈ మొదటి రెండింటిలో షట్టర్ పూర్తిగా యాంత్రికంగా పనిచేస్తుంది కనుక బ్యాటరీ అయిపోతే వెలుతురును కొలిచే మీటరు ఆగిపోతుందే తప్ప ఫోటో తీయడం ఆగదు. కొనేటప్పుడు వెనక తలుపు తెరిచి, అంచుల్లో ఉండే నల్లటి ఫోమ్‌ను వేలితో తాకి చూడాలి. మన తేమకు అది జిగురుగా మారి వేలికి అంటుకుంటే, వెలుతురు లోపలికి చొరబడి రీలు పాడవుతుంది. దాన్ని మార్చడం పెద్ద ఖర్చు కాదు గానీ మార్చకుండా మొదటి రీలు వేయకూడదు. లెన్సును మాత్రం ఆకాశం వైపు పట్టుకుని, అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి లోపలికి చూడాలి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. సముద్ర తీరంలో వాడిన లెన్సుల్లో ఇది చాలా ఎక్కువ. ధర ఎంత తక్కువైనా అలాంటి లెన్సు వద్దు.

రీలును కెమెరాలో వేసేటప్పుడు నీడలో నిలబడాలి. నీడ దొరకని చోట సూర్యుడికి వీపు పెట్టి, మన ఒంటి నీడలోనే వేయాలి. తలుపు మూసి లీవరు తిప్పినప్పుడు ఎడమ వైపున్న రివైండ్ పిడి కూడా తిరుగుతున్నదో లేదో చూసుకోవాలి. అది తిరగకపోతే రీలు అవతలి చక్రానికి పట్టుకోలేదని, మనం 36 సార్లు శూన్యాన్ని ఫోటో తీయబోతున్నామని అర్థం. ఈ పొరపాటు జరిగాక కడిగిన రీలు అద్దంలా తెల్లగా మెరుస్తుంది. చూడటానికి అందంగానే ఉంటుంది.

ఒకప్పుడు ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ సంస్థ ‘ఇందు’ పేరుతో రీళ్ళు తయారు చేసేది. 1960లో మొదలైన ఆ సంస్థ మూతపడిన తరువాత మనకు దొరికేవి దిగుమతి రీళ్ళే. కాబట్టి ధర ఎక్కువ, దొరకడం కష్టం. ఈ పరిస్థితిలో నాలుగైదు రకాల రీళ్ళు రుచి చూడాలనే కోరిక మానుకుని, ఏడాది పాటు ఒకే రకం వాడటం మేలు. నేను ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌ను ఎంచుకున్నాను. కొడాక్ ట్రై-ఎక్స్ 400 వాడేవారికి కూడా ఈ వ్యాసంలో చెప్పే వెలుతురు లెక్కలు సరిపోతాయి, కడిగే నిమిషాలు మాత్రం ఆ రీలు పట్టికలో చూసుకోవాలి. ఒకే రీలుతో ఏడాది తిరిగితే, ఏ వెలుతురుకు అది ఎలా స్పందిస్తుందో మీటరు చూడకుండానే తెలిసిపోతుంది.

ఎండను కొలవడం

ఎండ బాగా ఉన్నప్పుడు అపర్చర్ ఎఫ్/16 దగ్గర పెట్టి, రీలు వేగం (వెలుతురుకు అది ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే ఐఎస్ఓ అంకె) ఎంతో షట్టర్ వేగం కూడా సెకనులో సుమారుగా అన్నో వంతు పెట్టమనే పాత సూత్రం మన దగ్గర కూడా పనిచేస్తుంది. ఐఎస్ఓ 400 రీలుకు ఎఫ్/16, 1/500. స్టాపు అంటే వెలుతురును రెట్టింపు లేదా సగం చేసే ఒక మెట్టు, ఎఫ్ అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. సముద్రపు ఇసుక మీద, ఉప్పు మడుల దగ్గర ఒక స్టాపు తగ్గించి ఎఫ్/22 పెట్టాలి. ఆకాశం కనిపించే చెట్టు నీడలో మూడు స్టాపులు పెంచి ఎఫ్/5.6 పెట్టాలి. చిక్కు ఈ సూత్రంలో లేదు. ఉదయం తొమ్మిది దాటిన తరువాత మన వెలుతురులో ఎండకూ నీడకూ మధ్య ఉండే అంతరంలో ఉంది. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఎదుటి మనిషి నుదురు మెరుస్తూ ఉంటుంది, కనుగుంటలు చీకటి బావుల్లా ఉంటాయి, వేసుకున్న తెల్ల పంచె కళ్ళు చెదిరేలా ఉంటుంది. కెమెరా మీటరు ఆ పంచెను చూసి భయపడి వెలుతురు తగ్గించమంటుంది. అలా తగ్గిస్తే ముఖం నల్లటి మచ్చగా మిగులుతుంది.

దీనికి నేను వాడే పరికరం అరచేయి. ఒంటి రంగు ఏదైనా అరచేతి రంగులో మనిషికీ మనిషికీ పెద్ద తేడా ఉండదు. ఫోటో తీయదలచిన మనిషి ముఖం మీద ఏ వెలుతురు పడుతున్నదో అదే వెలుతురులో మన అరచేతిని పట్టి, కెమెరాను దగ్గరకు తెచ్చి, ఫ్రేము నిండా అరచేయి మాత్రమే కనిపించేలా మీటరు చూడాలి. మీటరు చెప్పిన దానికి ఒక స్టాపు కలపాలి, ఎందుకంటే మీటరు లెక్క వేసుకునే మధ్యస్థపు బూడిద రంగు కన్నా అరచేయి సుమారు ఒక స్టాపు వెలుగుగా ఉంటుంది. ఆ తరువాత పంచె సంగతి మరిచిపోవచ్చు. నెగటివ్ రీలు ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది, తక్కువ వెలుతురును ఓర్చుకోదు. నీడలో నమోదు కాని వివరాన్ని తరువాత ఏ మందూ, ఏ కంప్యూటరూ తెచ్చి పెట్టలేవు. కడగగానే నేరుగా బొమ్మగా కనిపించే స్లయిడ్ రీలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందులో ఎక్కువైన వెలుతురే పోగొట్టుకున్న వివరం. అందుకే మన వేసవికి స్లయిడ్ రీలు వాడమని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

తీవ్రమైన ఎండలో ఇంకో పని కూడా చేయాలి. 400 రీలును కెమెరాలో 200 అని పెట్టుకుని రీలంతా తీసి, కడిగేటప్పుడు సమయాన్ని 15 నుంచి 20 శాతం తగ్గించాలి. నీడలకు రెట్టింపు వెలుతురు అందుతుంది, కడిగే సమయం తగ్గడం వల్ల ఎండ తగిలిన భాగాలు మరీ నల్లబడకుండా ఆగుతాయి. ఇది రీలు మొత్తానికి వర్తించే నిర్ణయం కనుక సగం రీలు ఎండలోనూ సగం రీలు మబ్బులోనూ తీస్తే రెంటికీ చెడుతుంది. ఎండ రీలు వేరు, మబ్బు రీలు వేరు అని ముందే అనుకోవాలి. షట్టర్ వేగం 1/1000 దాటని పాత కెమెరాతో 400 రీలు వాడేవారు పట్టపగలు అపర్చర్‌ను ఎఫ్/11 కన్నా తెరవలేరు. నేపథ్యం మసకగా కావాలంటే అపర్చర్‌ను ఇంకా తెరవాలి కనుక, ఒక స్టాపు మింగే పసుపు ఫిల్టరు గానీ ఐఎస్ఓ 125 రీలు గానీ వాడాలి. పసుపు ఫిల్టరు ఆకాశాన్ని కాస్త ముదురు చేసి మబ్బులను విడదీస్తుంది కూడా. తీరప్రాంతపు పాలిపోయిన ఆకాశానికి అది అవసరం.

మూడు చోట్లు, మూడు పద్ధతులు

సొంత షూట్ అంటే దూరం వెళ్ళడమే కాదు. నాకు ఎక్కువ నేర్పింది ఇంటికి అరగంట దూరంలో ఉన్న విశాఖ ఫిషింగ్ హార్బరు. తెల్లవారకముందే బోట్లు తిరిగి వస్తాయి, బుట్టలు దిగుతాయి, వేలంపాట మొదలవుతుంది. సూర్యోదయానికి ముందు 400 రీలుతో ఎఫ్/2, 1/60 దగ్గర పని మొదలై, గంట గడిచేసరికి ఎఫ్/8, 1/500కు చేరుతుంది. ప్రతి పది నిమిషాలకూ అరచేతి మీటరు మళ్ళీ చూసుకోవాలి. ఒక్కసారి వెళ్ళి రీలు నింపుకుని వస్తే దొరికేవి పక్షులు, బోట్లు, సూర్యుడు మాత్రమే. అవి అందరి దగ్గరా ఉన్నాయి. నేను మొదటి రెండు సార్లు వెళ్ళినప్పుడు కెమెరా మెడలోనే ఉంచి, టీ తాగి, ఎవరు ఎక్కడ కూర్చుంటారో, వెలుతురు ఏ షెడ్డు సందులోంచి ముందుగా పడుతుందో చూసి వచ్చాను. మూడోసారి రొయ్యలు వేరు చేసే ఒక పెద్దమ్మను అడిగి ఫోటో తీశాను. ఆవిడ చేతులు ఆగకుండా పని చేస్తూనే ఉన్నాయి. వేళ్ళ మధ్య రొయ్యల మీసాలు, మోచేతుల దాకా పొలుసులు, ముక్కుపుడక మీద మాత్రం ఒక చుక్క వెలుతురు. ఆ ముక్కుపుడక కోసం ఎఫ్/2.8 దగ్గర నాలుగు ఫ్రేములు ఖర్చు చేశాను. నాలుగింటిలో ఒక్కటే సరిగ్గా ఫోకస్ అయింది.

హార్బరుకు వెళ్ళేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. పక్కనే ఓడరేవు, నౌకాదళానికి చెందిన ప్రాంతాలు ఉన్నాయి. అక్కడ ఫోటోలు తీయడం నిషిద్ధం. లెన్సును ఎటు తిప్పుతున్నామో ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూసుకోవాలి. ఉప్పుగాలికి కెమెరా తడిసినట్టు అనిపిస్తే ఇంటికి రాగానే కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో పైభాగమంతా తుడిచి, తరువాత పొడి గుడ్డతో తుడవాలి. పొడి గుడ్డతోనే తుడిస్తే ఉప్పు రేణువులు గీతలు పెడతాయి.

రెండోది అరకు రైలు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే ఆ లైను మీద సొరంగాలు వరుసగా వస్తాయి, శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. పర్యాటకులు కిటికీలోంచి లోయను తీస్తారు. వణికే రైలులోంచి, మురికి అద్దంలోంచి తీసిన లోయ ఎవరికీ పనికిరాదని నా అభిప్రాయం. పెట్టె లోపలి మనుషులే అసలు విషయం. కిటికీ పక్కన కూర్చున్న మనిషి మీద ఒక వైపు నుంచి మాత్రమే వెలుతురు పడుతుంది. ఏ స్టూడియోలోనూ ఇంత పెద్ద పక్కవెలుతురు దొరకదు. అరచేతి మీటరుతో ముందుగా ఎఫ్/4, 1/250 లాంటి లెక్క ఒకటి కట్టుకుని, ఫోకస్ దూరాన్ని ఒకటిన్నర మీటర్ల దగ్గర పెట్టేసి కూర్చోవాలి. సొరంగంలోకి వెళ్ళినప్పుడు లెక్క మార్చకుండా ఆగాలి. రైలు బయటపడే క్షణంలో ముఖాలన్నీ ఒకేసారి వెలుగుతాయి, అప్పుడు లెక్క మార్చుకుంటూ కూర్చుంటే ఆ క్షణం పోతుంది. తలుపు దగ్గర వేలాడుతూ తీయకూడదని వేరే చెప్పనవసరం లేదు. లోయలోని గిరిజన సంతలో తీసేటప్పుడు ముందు ఏదైనా కొనాలి, మాట కలపాలి, అడగాలి. వద్దంటే కెమెరా దించాలి.

మూడోది లేపాక్షి. హిందూపురం దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. 16వ శతాబ్దపు వీరభద్రాలయంలో రెండు వేర్వేరు సమస్యలు ఎదురవుతాయి. ఆరుబయట ఉన్న ఏకశిలా నంది నల్లటి రాయి, చుట్టూ మండే ఎండ. నంది మెడలోని గంటల వరుస ఎండ ఏటవాలుగా పడినప్పుడే లేచి కనిపిస్తుంది. మధ్యాహ్నం అదంతా ఒక బండరాయి. కాబట్టి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నంది దగ్గరికి వెళ్ళి, మధ్యాహ్నమంతా మండపంలో గడపాలి. మండపం లోపల కప్పు మీది చిత్రాలకు వెలుతురు పైనుంచి రాదు. బయటి ఎండ రాతి నేల మీద పడి, అక్కడి నుంచి ఎగిరి కప్పును తాకుతుంది. బయట ఎండ ఎంత తీవ్రంగా ఉంటే లోపల చిత్రాలు అంత స్పష్టంగా కనిపిస్తాయి. ప్రతి పుస్తకమూ ఫోటోలు తీయవద్దని చెప్పే పన్నెండు గంటల ఎండకు మన గుడులలో ఉన్న ఉపయోగం ఇది. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి కావాలి. అనుమతి లేనప్పుడు నేను మండపం నేల మీద వెల్లకిలా పడుకుని, కెమెరాను నుదుటికి ఆనించి, ఊపిరి బిగబట్టి 1/30 దగ్గర తీస్తాను. గర్భాలయంలో కెమెరా ఎత్తకూడదు. చిత్రాల్లోని జేగురు, పసుపు రంగుల కోసం ఒక రంగుల రీలు తీసుకెళ్ళడం మంచిదే గానీ, రెండు రీళ్ళు మార్చుకుంటూ ఒకే కెమెరాతో తిప్పలు పడటం కన్నా రంగుల కోసం మరోసారి వెళ్ళడం నయం.

ట్రైపాడ్‌కు అనుమతి దొరికినవారు ఒక లెక్క తెలుసుకోవాలి. సెకను దాటిన ఎక్స్‌పోజర్లలో రీలు స్పందన మందగిస్తుంది. హెచ్‌పీ5 ప్లస్‌కు మీటరు 10 సెకన్లు చూపిస్తే, తయారీదారు ఇచ్చిన సూత్రం ప్రకారం దాదాపు 20 సెకన్లు ఇవ్వాలి.

ఎవరి ఫోటోలు చూడాలి

ప్రేరణ కోసం నేను తరచు చూసేవి లాలా దీన్‌దయాళ్ ఫోటోలు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టిన ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరై, సికింద్రాబాదులో స్టూడియో నడిపి, 1905లో మరణించారు. 1902లో లార్డ్ కర్జన్ దంపతులు వరంగల్ వైపు నెక్కొండ దగ్గర వేటాడిన పులితో దిగిన ఫోటో ఆయనదే. గాజు పలకలు, పెద్ద కెమెరా, బండ్ల మీద సామాను, దక్కన్ వేడి. ఇవన్నీ ఉన్నా ఆయన ఫోటోల్లో నీడ ఎక్కడా గుడ్డిగా ఉండదు. ఆ ఫోటోలను చూసేటప్పుడు నేను ఒక కాగితం మీద మనుషుల స్థానాలు చుక్కలుగా పెట్టి, వెలుతురు ఏ వైపు నుంచి వస్తున్నదో బాణం గీస్తాను. ముక్కు నీడ ఎటు పడిందో చూస్తే బాణం తెలిసిపోతుంది. పది ఫోటోలకు ఇలా గీసినవారికి మనిషిని ఎక్కడ నిలబెట్టాలో వేరే ఎవరూ చెప్పనవసరం లేదు.

నవసారిలో పుట్టిన, మన దేశపు తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా రోలీఫ్లెక్స్ లాంటి కెమెరాలతో పనిచేశారు. ఆ కెమెరాలో రీలుకు 12 ఫ్రేములే. మన 36 ఫ్రేములు విలాసమని ఆవిడ ఫోటోలు చూస్తే అనిపిస్తుంది. మన సినిమాల్లో అయితే మాయాబజార్‌కు (1957) ఛాయాగ్రహణం చేసిన మార్కస్ బార్ట్లే సృష్టించిన వెన్నెలను శబ్దం ఆపేసి చూడాలి. వెన్నెల అనేది సమయం కాదు, వెలుతురును ఎంత ఆపాలో తెలియడం అని తెలుస్తుంది. వీటన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఇంట్లోని పాత ఆల్బమ్. పరదా మీద రంగులతో వేసిన మేడమెట్ల ముందు, చేతిలో పుస్తకంతో నిలబడిన తాతయ్య ఫోటోను తిరగేస్తే వెనక స్టూడియో ముద్ర ఉంటుంది. ఆ స్టూడియో ఉన్న వీధికి వెళ్ళి చూడటం కూడా ఒక షూట్‌కు సరిపడే విషయమే.

రీలును కాపాడుకోవడం

ఎండాకాలంలో నిలిపి ఉంచిన కారు లోపలి వేడి రీలుకు పెద్ద శత్రువు. ఒకసారి బ్యాగును కారులో వదిలి భోజనానికి వెళ్ళి, తిరిగి వచ్చేసరికి రీళ్ళ డబ్బాలు చేతికి కాలేంత వేడెక్కాయి. రంగుల రీళ్ళు రెండింటిలో నీడలన్నీ చెడిపోయిన రంగుకు తిరిగాయి. అప్పటి నుంచి రీళ్ళను స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, దాని చుట్టూ తడి తువ్వాలు చుట్టి, ఆ మూటను బ్యాగుకు బయట వేలాడదీస్తున్నాను. డబ్బా మూత గట్టిది కావాలి. ఇంట్లో రీళ్ళను గాలి చొరబడని కవరులో ఫ్రిజ్‌లో ఉంచి, వాడే రోజు రెండు మూడు గంటల ముందు బయటికి తీసి, గది వేడిమికి వచ్చిన తరువాతే కవరు విప్పాలి. చల్లటి రీలు మీద మన తేమ క్షణంలో నీటి పొరగా దిగుతుంది.

విమానాశ్రయంలో రీళ్ళను లగేజీలో వేయకూడదు. చేతిసంచీలో, విడిగా ఒక పారదర్శక కవరులో పెట్టుకుని, చేతితో తనిఖీ చేయమని మర్యాదగా అడగాలి. వారు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. పాతరకం ఎక్స్‌రే యంత్రంలో ఒకటి రెండుసార్లు వెళ్తే 400 రీలుకు కనిపించే నష్టం సాధారణంగా ఉండదు. కొత్త సీటీ స్కానర్లలో మాత్రం ఒక్కసారి వెళ్ళినా చాలు, రీలు మసకబారుతుంది. మెట్రో, రైల్వే స్టేషన్లలో కూడా స్కానర్లు ఉంటాయి కనుక రోజూ తిరిగేవారు ఆ లెక్క కూడా వేసుకోవాలి. తీరంలో ఉండేవారు కెమెరాను తోలు కేసులో ఉంచకూడదు, తోలు తేమను పట్టి ఉంచి ఫంగస్‌ను పెంచుతుంది. రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, జెల్ రంగు మారగానే పెనం మీద సన్నటి సెగన వేడి చేసి మళ్ళీ వాడుకోవాలి. బియ్యంలో పెట్టమనేవారి మాట వినకండి, లెన్సు నిండా తవుడు చేరుతుంది.

ఇంట్లో కడగడం

ల్యాబుకు ఇవ్వవచ్చు. నేను ఒకసారి ఇచ్చాను. స్కాన్లు పంపి, నెగటివ్‌లు పారేశామని చెప్పారు. అందువల్ల నలుపు-తెలుపు రీళ్ళను ఇంట్లోనే కడుగుతున్నాను, ఎవరికైనా అదే చెబుతాను. ఎండలో తీసిన రీలును నెలల తరబడి దాచకూడదు, వేడికి లోపలి బింబం క్రమంగా బలహీనపడుతుంది.

డెవలపర్‌గా డి-76 చాలు. పొడి దొరకకపోతే ఇంట్లోనే కలుపుకోవచ్చు. 750 మిల్లీలీటర్ల వేడి నీళ్ళలో, అంటే సుమారు 50 డిగ్రీల వద్ద, మొదట మెటాల్ 2 గ్రాములు, అది కరిగిన తరువాత సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు ఇదే వరుసలో కరిగించి, లీటరుకు నింపాలి. చేతి తొడుగులు వేసుకోవాలి, కిటికీ తెరిచి ఉంచాలి, వంటపాత్రలు వాడకూడదు. కుళాయి నీళ్ళు గానీ బోరునీళ్ళు గానీ కాకుండా, బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడితే ఉప్పు తెట్టు కట్టదు.

వెలుతురు చొరబడని చీకటి సంచీలో చేతులు పెట్టి, రీలును కడిగే ట్యాంకులో ఉండే చక్రానికి ఎక్కించడం మన వాతావరణంలో అన్నిటికన్నా కష్టమైన పని. రెండు నిమిషాలకే చేతులు చెమట పట్టి, సంచీ లోపల ఆవిరి చేరి, ఫిల్మ్ ప్లాస్టిక్ చక్రానికి అతుక్కుని ఒక్క అంగుళం కూడా ముందుకు జరగదు. బలవంతం చేస్తే ముడత పడుతుంది, ముడత పడిన చోట నెగటివ్ మీద నెలవంక ఆకారపు మచ్చ ఏర్పడుతుంది. అందుకే ఈ పనిని తెల్లవారుజామున, స్నానం చేసి, చేతులు పూర్తిగా ఆరిన తరువాత, ఫ్యాను కింద కూర్చుని చేయాలి. చక్రాన్ని ముందు రోజు ఎండలో పెట్టి ఉంచాలి. వానాకాలంలో జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఒక నిమిషం ఆరబెట్టాలి. అయినా అతుక్కుంటే తొందరపడకుండా, ఫిల్మ్‌ను ట్యాంకులో వేసి మూత పెట్టి, చేతులు బయటికి తీసి తుడుచుకుని, పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇక వేడిమి. 20 డిగ్రీల కోసం పోరాడటం కన్నా 24 డిగ్రీలను లక్ష్యంగా పెట్టుకోవడం తెలివైన పని. డి-76ను సమాన భాగం నీళ్ళతో కలిపితే హెచ్‌పీ5 ప్లస్‌కు 20 డిగ్రీల వద్ద 11 నిమిషాలు పడుతుంది. డిగ్రీకి సుమారు 8 శాతం తగ్గుతుందనే లెక్కన 24 డిగ్రీల వద్ద అది దాదాపు 8 నిమిషాలకు దిగుతుంది. ఎండలో 200 పెట్టి తీసిన రీలుకు దాన్ని ఆరున్నర నిమిషాలకు తగ్గించాలి. అయిదు నిమిషాల కన్నా తక్కువకు దిగితే మందు రీలంతటా సమంగా పనిచేయదు, ఆకాశంలో చారలు కనిపిస్తాయి. నేను మొదటిసారి చేసిన తప్పును ఈ లెక్కతో చూస్తే, 32 డిగ్రీల నీళ్ళలో ఏడున్నర నిమిషాలు అంటే కావలసిన దానికి రెట్టింపు పైమాటే.

24 డిగ్రీలకు చేరడానికి అనంతపురం, హైదరాబాదు లాంటి పొడి ప్రాంతాల వారికి కుండ చాలు. రాత్రి కుండలో పోసిన నీళ్ళు ఆవిరవుతూ చల్లబడి, తెల్లవారేసరికి ఆ చుట్టుపక్కలకు దిగుతాయి. థర్మామీటరు పెట్టి చూసుకుని, కావలసినంత గది నీళ్ళు కలుపుకోవాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో గాలిలో తేమ ఎక్కువ కనుక కుండ అంతగా చల్లబడదు. అక్కడ బకెట్టు నీళ్ళలో ఐసు పొట్లాలు వేసి, మందుల సీసాలన్నిటినీ అందులో నిలబెట్టాలి. డెవలపర్‌తోపాటు హైపో (బొమ్మను స్థిరపరిచే మందు), కడిగే నీళ్ళు కూడా రెండు మూడు డిగ్రీల తేడాలోనే ఉండాలి. చల్లటి మందు నుంచి తీసి వేడి కుళాయి కింద పెడితే ఫిల్మ్ మీది జెలటిన్ పొర ముడుచుకుని, ఎండిన చెరువు అడుగులా పగుళ్ళు తేలుతుంది. రంగుల రీళ్ళ సి-41 పద్ధతికి 37.8 డిగ్రీలు కావాలి. ఆ ఒక్క పనికి మాత్రం మన మే నెల ముందే పొయ్యి వెలిగించి పెట్టినట్టు ఉంటుంది.

300 మిల్లీలీటర్ల మందు పోసిన వెంటనే ట్యాంకును నేల మీద రెండు సార్లు తట్టి బుడగలు వదిలించాలి. మొదటి పది సెకన్లు, ఆ తరువాత ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్లు, ట్యాంకును నాలుగు సార్లు తలకిందులు చేస్తూ తిప్పాలి. డెవలపర్ పారబోసి, నీళ్ళతో ఒకసారి తొలిచి, హైపో పోయాలి. హైపో ఇంకా పనిచేస్తున్నదో లేదో తెలియకపోతే రీలు మొదట కత్తిరించిన ముక్కను అందులో వేసి, అది పారదర్శకం కావడానికి ఎంతసేపు పట్టిందో చూసి, దానికి రెట్టింపు సమయం రీలుకు ఇవ్వాలి. తరువాత కుళాయి కింద అరగంట కడగమనే సలహా వేసవిలో ట్యాంకర్ నీళ్ళు కొనుక్కునే ఇంట్లో పాటించలేము. ట్యాంకు నిండా నీళ్ళు పోసి అయిదు సార్లు తిప్పి పారబోయాలి, మళ్ళీ పోసి పది సార్లు, మళ్ళీ పోసి ఇరవై సార్లు తిప్పాలి. లీటరు నీళ్ళతో పని అయిపోతుంది. ఇది ఇల్‌ఫోర్డ్ వారు చెప్పిన పద్ధతి, వారి దృష్టిలో అది నీటి పొదుపు, మన దగ్గర అది అవసరం.

చివరి ముంపు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లోనే జరగాలి, అందులో నీళ్ళు చుక్కలుగా నిలవకుండా జారిపోయేలా చేసే వెట్టింగ్ ఏజెంట్ ఒకటి రెండు చుక్కలు కలపాలి. బోరునీళ్ళలో ముంచి ఆరబెట్టిన నెగటివ్ మీద సున్నపు చుక్కలు పడతాయి, వాటిని మళ్ళీ కడిగితే తప్ప వదిలించలేము. ఆరబెట్టడానికి అనువైన చోటు స్నానాలగది. ముందు వేడినీళ్ళు చల్లి ఆవిరి పట్టిస్తే గాలిలోని దుమ్ము కిందికి దిగుతుంది. తరువాత తీగకు బట్టల క్లిప్పుతో వేలాడదీసి, కింద మరో రెండు క్లిప్పులు బరువుగా తగిలించి, తలుపు మూసి, ఇంట్లోవారికి చెప్పి రావాలి. చెప్పకపోతే ఏమవుతుందో రాయనవసరం లేదు.

ఆరిన రీలును ఆరు ఫ్రేముల చొప్పున ముక్కలుగా కత్తిరించి, కవరు మీద రీలు నంబరు, ఊరు, తేదీ, కడిగిన వేడిమి, నిమిషాలు రాయాలి. నా దగ్గరున్న చిన్న నోటుపుస్తకంలో ఫోటో తీసిన చోటనే అపర్చర్, షట్టర్ రాసుకుంటాను, ఎండ ఎలా ఉందో కూడా రాస్తాను. ‘పలచటి మబ్బు, నేల నుంచి వెలుతురు’ లాంటి మాట ఏడాది తరువాత అంకెల కన్నా ఎక్కువ చెబుతుంది.

ప్రింట్లు తీసుకుని వెళ్ళి ఇవ్వాలి. హార్బరుకు నాలుగోసారి వెళ్ళినప్పుడు ఆ రొయ్యల పెద్దమ్మ నన్ను చూసి మొదట అడిగిన మాట, “బాబూ, నా పొటో ఏటయింది?” అని. అప్పటికి నేను దాన్ని కడగనే లేదు. అయిదోసారి ఐదు బై ఏడు అంగుళాల ప్రింటు తీసుకెళ్ళాను. వెనక పేరు, తేదీ పెన్సిలుతో రాయాలి, పెన్ను సిరా తడికి పాకుతుంది. ప్రింటును ప్లాస్టిక్ కవరులో పెట్టి అంచులు అతికించి ఇవ్వాలి, ఎందుకంటే తీసుకునే చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఆవిడ దాన్ని కవరుతో సహా రవికలో దోపుకుని మళ్ళీ రొయ్యల బుట్ట ముందు కూర్చుంది.